వచ్చింది గని నిలవడలే

మా గద్వాల ఇంట్లో ముందు గది మగ్గానిది. ఆ గదిలోనే, కిటికీ పక్కన, నా బల్ల. ఆ రోగం కాలంలో ఆఫీసులు మూసేసి అందరినీ ఇళ్ళకు పంపినప్పుడు నేను హైదరాబాదులో హాస్టల్ గది ఖాళీ చేసి ఇంటికొచ్చాను. కొన్నాళ్ళే కదా అనుకున్నాను. అలా అలా ఏళ్ళు గడిచాయి. ఇప్పటికీ ఆ బల్ల దగ్గరే పని చేస్తున్నాను గానీ ఆ మొదటి రోజుల పని మాత్రం మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు మా కోడ్ పరీక్షలన్నీ ఎక్కడో ఉన్న మిషన్లు వాటంతటవే చేసుకుంటాయి. పొద్దున్నే తెర తెరిస్తే పాసైనవి పచ్చగా, ఫెయిలైనవి ఎర్రగా కనిపిస్తాయి. ఫోన్ చేసి తిట్టే మనిషి లేదు. నాకు ఆ తిట్లు కావాలనిపిస్తుంది.

నేను రాసేది కెర్నెల్ కోడ్. తెలియని వాళ్ళకు చెప్పాలంటే, కంప్యూటర్‌లోనైనా ఫోన్‌లోనైనా అన్నిటికంటే అడుగున ఉండి, మిగతా ప్రోగ్రాములన్నిటినీ మోసే ప్రోగ్రాం అది. మామూలు యాప్ పడిపోతే మళ్ళీ తెరుచుకుంటాం. కెర్నెల్ పడిపోతే మొత్తం కంప్యూటరే పడిపోతుంది, అప్పటిదాకా దాచుకున్నవి కూడా పోవచ్చు. అందుకే ఈ పనిలో పట్టింపులెక్కువ. ఒక ఫంక్షన్ ఒకే పని చేయాలి, ఒక్క చూపులో తెర మీద పట్టాలి. దేన్ని పిలిచినా అది ఏం తిరిగిచ్చిందో చూసుకోవాలి, ఏం కాదులే అని ముందుకు పోకూడదు. ఉన్న కోడ్‌కు మనం పంపే సవరణను ప్యాచ్ అంటారు. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలి, అది ఎందుకు చేశామో పైన మామూలు మాటల్లో రాయాలి. ఇవన్నీ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే వల్లె వేశాను. వల్లె వేయడానికేముంది, ఎవరైనా వేస్తారు.

ఇంటి నుంచి పని మొదలయ్యాక మా నాన్న మగ్గం చప్పుడు మీటింగుల్లో అందరికీ వినిపించేది. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఇది తెలిసినప్పటి నుంచి ఆఫీసులో కొందరికి నేనంటే అదో ముచ్చట. మగ్గం మీది పోగూ కెర్నెల్‌లోని థ్రెడ్డూ ఒకటేనట, కోడింగ్ నా రక్తంలోనే ఉందట. నాకు ఒళ్ళు మండేది. మగ్గానికీ కెర్నెల్‌కూ ఏ సంబంధమూ లేదు. మా నాన్నను అడిగితే, రోజంతా ఆ డబ్బా ముందు కూర్చుని ఒక్క జానెడు గుడ్డ కూడా తీయని పిల్ల అని నన్ను చూపించి నవ్వుతాడు. నా పనికి నిజంగా సంబంధం ఉన్న మనిషి వేరే ఉంది. పెద్దమందడి దగ్గర ఒక పల్లెలో, పల్లికాయ చేల మధ్య ఇంట్లో, నాలాగే ఒక బల్ల ముందు కూర్చుని రోజూ నా కోడ్‌ను పగలగొట్టేది ఆమె.

ఆమె మా జట్టులో టెస్టర్. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. పుట్టిల్లు తిమ్మాజిపేట దిక్కు, డిగ్రీ నాగర్‌కర్నూల్‌లో, ఆ తర్వాత హైదరాబాదులో కంప్యూటర్ చదువు, పెళ్ళయి వచ్చింది పెద్దమందడి దిక్కు. పెళ్ళీ పిల్లా అయ్యాక చాలా ఏళ్ళు ఇంట్లోనే ఉండిపోయింది. మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటే ఇన్నేళ్ళు ఏం చేశారని అడిగి పంపించినవాళ్ళే అందరూ. చివరికి మా ఆఫీసులో కాంట్రాక్టు మీద దొరికింది. అందరూ ఇళ్ళకు పోయిన కాలం కాబట్టి అత్తగారింటి నుంచే చేయవచ్చు. ఆమెకు అంతకంటే కావలసిందేమీ లేదు.

ఇప్పుడు ఎప్పుడన్నా ఫోన్ చేస్తే తిన్నవా, నాన్న మంచిగున్నడా అని మర్యాదగా అడుగుతుంది. అప్పట్లో మర్యాదా గిర్యాదా ఏమీ లేదు. పొద్దున్నే ఫోన్ ఎత్తగానే నీ కోడ్ సచ్చింది అనేది. ఎట్ల సచ్చింది అని నేను లేచేదాన్ని. మెమరీ నింపేసి నడిపిన, సచ్చింది. రాస్తుండగానే ఫైళ్ళు దాచే కార్డు గుంజిన, సచ్చింది. ఎవరైనా కార్డు గుంజుతారా అని నేను అరిస్తే, మా పోరడు గుంజిండు, నేను సూసిన అనేది. నేను కోడ్ పని చేస్తుందని చూపించడానికి పరీక్ష రాసేదాన్ని. ఆమె పని చేయదని చూపించడానికి రాసేది. ఆ రెండు పరీక్షలూ ఒకటి కావని నాకు ఎవరూ పాఠం చెప్పలేదు, ఆమెతో పోట్లాడీ పోట్లాడీ తెలిసింది. మా నాన్న మగ్గం ఆపి, ఎవరితోనమ్మా పొద్దున్నే లొల్లి అని అడిగేవాడు. ఆఫీసు పని అనేదాన్ని. ఆఫీసుల గిట్ల కొట్లాడ్తరా అని ఆశ్చర్యపోయేవాడు.

అప్పట్లో మా జట్టు చేసిన పని ఒక చిన్న కంప్యూటర్ బోర్డుకు సంబంధించింది. ఊళ్ళలో నీళ్ళ ట్యాంకుల దగ్గరా మోటార్ల దగ్గరా పెట్టే పెట్టెల్లో అది ఉంటుంది. అందులో ఫైళ్ళను దాచే భాగం మాది. కరెంటు ఎప్పుడైనా పోవచ్చు కాబట్టి, ఆ భాగం ఏదైనా మార్చే ముందు ఏం మార్చబోతోందో ఒక పక్కన గుర్తు పెట్టుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే, మళ్ళీ లేచినప్పుడు ఆ గుర్తు చూసుకుని సగంలో ఆగినదాన్ని సరిచేసుకుంటుంది. సరిచేయడం అయ్యాక గుర్తు చెరిపేస్తుంది. ఆ మరమ్మతు కోడ్ రాసింది నేను. ఆఫీసులో దానికి పరీక్ష కూడా ఉండేది. ఒక స్విచ్ దానంతటదే కరెంటు తీసేసి, మళ్ళీ వేసి, బోర్డు పూర్తిగా లేచాక ఫైళ్ళన్నీ ఉన్నాయా అని చూసేది. ఎన్నిసార్లు నడిపినా పాసే. నేను దాని మీద కాస్త గర్వంగానే ఉన్నాను.

అక్క ఇంట్లో ఉన్న బోర్డు మాత్రం ఫైళ్ళు పోగొట్టుకునేది. రోజూ కాదు, అప్పుడప్పుడు. ఆమె రిపోర్టు రాస్తుంది, హైదరాబాదులో మా మేనేజరు సారు ఆఫీసు బోర్డు మీద నడిపిస్తాడు, పాసవుతుంది, రిపోర్టు మూసేస్తాడు. మళ్ళీ రాస్తుంది, మళ్ళీ మూసేస్తాడు. ఇంటికి ఇన్వర్టర్ పెట్టించుకోమని సలహా కూడా ఇచ్చాడట. బోర్డు పోయి కూసునే కాడ ఇన్వర్టర్ ఉంటదా సార్ అని అడిగిందట. ఆయనకు అది ఎదురు చెప్పినట్టు అనిపించింది.

సారు చెడ్డవాడేమీ కాదు. పని తెలిసినవాడు, కోడ్ చదవడంలో దిట్ట. పుట్టిందీ పెరిగిందీ నగరంలో, ఉండేది జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంటులో. ఒకరోజు వేరే పని మీద నాకు ఫోన్ చేసి, మాటల్లో అక్క సంగతి ఎత్తాడు. ఆ నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించమని రాయాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది. రాయలేనేమో అన్నాడు. ఎందుకని అడిగాను.

"ఆవిడ రిపోర్టులన్నీ ఆవిడ ఇంట్లోనే ఫెయిలవుతాయమ్మా. ఇంకెక్కడా అవవు. ప్రాబ్లం బోర్డులో లేదు, ఆ ఇంట్లో ఉంది."

ఆయన వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడో ఏమో, నవ్వుతూ ఇంకో సంగతి చెప్పాడు. ఆమె ఇంగ్లీషు కూడా కష్టంగా ఉందట. చివరి రిపోర్టులో, కరెంట్ కేమ్, బట్ డిడ్ నాట్ స్టాండ్ అని రాసిందట. బోర్డు పెట్టుకోవడానికి స్టాండ్ లేదని బాధపడుతోందనుకుని, పాపం, ఆఫీసు నుంచి ఒక ప్లాస్టిక్ స్టాండ్ కొరియర్ చేయించాడట. అది అందినా రిపోర్టులు ఆగలేదట.

నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఉండగానే ఆగిపోయింది. ఆ వాక్యాన్ని ఆమె ఏ మాటల్లో అనుకుని ఇంగ్లీషులోకి దింపిందో నాకు చెవిలో వినిపించింది. కరెంటు వచ్చింది గని నిలవడలే.

మా అమ్మమ్మ ఊరు రాజోలి దిక్కు. ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిచేవి. పొలాల్లో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లుంటాయి. కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని రోజుల్లో రైతులు పెట్టించుకున్నవి అవి. మనిషి ఇంట్లో పడుకుని ఉన్నా, కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. అప్పుడు ఏమవుతుందంటే, పోయిన కరెంటు వచ్చిన మరుక్షణం ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకేసారి కరెంటు గుంజుతాయి. వోల్టేజీ కూలబడుతుంది. వెలిగిన బల్బు ఎర్రబడి పోతుంది, కాసేపాగి మళ్ళీ వెలుగుతుంది. ఆ రెండో రాకడ ఖాయమైతేనే కరెంటు నిలబడ్డది అంటారు. వచ్చుడు వేరు, నిలబడుడు వేరు. మా అమ్మమ్మ కరెంటు వచ్చిందని ఎవరన్నా అరిస్తే లేచేది కాదు, నిలబడనీ అని కూర్చునే ఉండేది. ఇప్పుడు కరెంటు బాగానే ఉంటున్నా ఆ స్టార్టర్లు చాలాచోట్ల అలాగే ఉన్నాయి, ఆ మాటా అలాగే ఉంది.

మా ఆఫీసు పరీక్షలో కరెంటు పోయేది, వచ్చేది. వచ్చి మళ్ళీ పోవడం అన్నది అందులో లేదు. బోర్డు లేచి మరమ్మతు చేసుకుంటూ ఉండగా పోతే ఏమవుతుందో ఎవరూ చూడలేదు.

సారుకు అప్పుడే చెబుదామని నోరు తెరిచి మూసుకున్నాను. నా ఊహ తప్ప చేతిలో ఏమీ లేదు. అక్కకు ఫోన్ చేశాను. నెలాఖరు సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. నా మాట పూర్తిగా వినకుండానే, గదే కద నేను ఇన్ని దినాల సంది మొత్తుకునేది అంది. నాకు పౌరుషం వచ్చింది. నా మరమ్మతు కోడ్ బాగానే ఉంది, మధ్యలో ఆగినా మళ్ళీ మొదటి నుంచి చేసుకుంటుంది, అలాగే రాశాను అన్నాను. మంచిగుంటే ఫైళ్ళు ఏడికి పోయినయ్, వచ్చి సూడు అంది. తర్వాత ఆమె గొంతు తగ్గించి అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది.

"ఇది పోతె నాకు ఇంకోటి రాదు చెల్లె. ఇంట్ల ఊకె కూసున్న ఏండ్లు ఎట్ల గడిచినయో నాకే ఎర్క."

మరునాడు పొద్దున బస్సెక్కాను. ఎర్రవల్లి చౌరస్తా దాటి, కృష్ణ మీద బ్రిడ్జి దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి. అక్కడి నుంచి ఆటోలో వాళ్ళ ఊరు. యాసంగి పంట కాలం, రెండు పక్కలా పల్లికాయ చేలు పచ్చగా ఉన్నాయి. అంతకాలం ఫోన్‌లో తిట్టుకోవడమే గానీ ఆమె ఇంటికి వెళ్ళడం అదే మొదలు. నేను అనుకున్నదాని కంటే పొట్టిగా ఉంది. నన్ను చూసి, నువ్వు గింత బక్కగున్నవేంది, ఫోన్ల గొంతు గంత లేస్తది అంది. ఆమె అత్త జొన్నరొట్టె, పుంటికూర పెట్టి, తినేదాకా లేవనివ్వలేదు.

తిన్నాక బల్ల ముందు కూర్చున్నాం. బోర్డు నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి ఉంది. దాని మాటలు కనిపించేలా పక్కన ల్యాప్‌టాప్. దానికి బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా తెర ఉంటుంది. ఆఫీసు వాళ్ళు పంపిన ప్లాస్టిక్ స్టాండ్‌లో అక్క కొడుకు పెన్సిళ్ళు పెట్టుకున్నాడు. బోర్డు మీద పరీక్ష మొదలుపెట్టి కరెంటు పోవడం కోసం ఎదురుచూశాం.

అది పోలేదు. పుట్టినప్పటి నుంచి కరెంటు పోతే తిట్టుకున్నవాళ్ళం, ఆ రోజు పోతలేదని తిట్టుకుంటూ కూర్చున్నాం. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. అక్క అత్త గుమ్మంలో కూర్చుని పల్లికాయలు వొలుస్తూ, దినాం పోతది, ఇయ్యాల చుట్టం వచ్చిందని సిగ్గుపడుతుంది అంది. అక్క మామ పొలం నుంచి వచ్చి సంగతి విని, లైన్‌మన్‌తో చెప్పి జర సేపు తీయిస్తనంటూ ఫోన్ తీశాడు. అక్క ఒప్పుకోలేదు. మనం చెప్పి తీయించిన కరెంటు మనం అనుకున్నట్టే పోయి అనుకున్నట్టే వస్తుంది, ఆఫీసులో చేసేది అదే కదా అంది. ఆ మాటకు నేను లోపల మెచ్చుకున్నాను. పైకి మాత్రం, అయితే సాయంత్రం దాకా ఇట్లనే కూసుందామా అని విసుక్కున్నాను.

పొద్దు వాలుతుండగా పోయింది. ఫ్యాన్ ఆగిపోతే నేను పెళ్ళికూతురొచ్చినట్టు లేచి నిలబడ్డాను. చాలాసేపు రాలేదు. తర్వాత ఒక్కసారిగా బల్బు వెలిగింది, బోర్డు మీద చిన్న దీపం వెలిగింది, ల్యాప్‌టాప్ తెర మీద నా కోడ్ మాటలు కదిలాయి. సగంలో ఆగిన పని ఉంది, మరమ్మతు చేస్తున్నాను అంది. మరమ్మతు పూర్తయింది అంది. అప్పుడే చేల దిక్కు నుంచి మోటార్లు మూలిగిన చప్పుడు వచ్చింది. బల్బు ఎర్రబడింది. బోర్డు దీపం ఆరిపోయింది. వంటింట్లో ఫ్రిజ్ ప్లగ్గు పెట్టబోయిన మామను అత్త ఆపింది, "ఆగు, నిలవడనీ" అని.

మళ్ళీ వచ్చాక బోర్డు ఏ మరమ్మతూ చేయలేదు. చేయాల్సిందేమీ లేదంది. ఫైళ్ళు చూస్తే రెండు లేవు.

తెర మీద రెండు ముక్కలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మరమ్మతు పూర్తయింది. ఫైళ్ళు లేవు. నా కోడే అబద్ధం చెప్పింది. ఎట్ల చెప్పిందో అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. సరిచేసిన సమాచారం ముందు, కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలోకి వెళ్తుంది, కాస్త ఆగి నిజంగా కార్డు మీదికి దిగుతుంది. నేను అది దిగేదాకా ఆగకుండానే, అయిపోయిందనుకుని గుర్తు చెరిపేస్తున్నాను. కరెంటు నిలబడితే అంతా దిగుతుంది, ఎవరికీ తేడా తెలియదు. ఆ కాస్త వ్యవధిలో పోతే గుర్తూ ఉండదు, సరిచేసిందీ ఉండదు. అది మార్చడం ఎంతసేపు. గుర్తు చెరిపే ముందు, అంతా కార్డు మీదికి దిగిందా అని అడిగి, దిగిందనే దాకా ఆగాలి. నేను అప్పటికే ల్యాప్‌టాప్ నా వైపు గుంజుకుని కోడ్ తెరిచాను.

అక్క నా చెయ్యి పట్టుకుని పక్కకు తోసింది. కోడ్‌ను అప్పుడే ముట్టొద్దంది. తప్పు దొరికిందంటే నమ్మేదెవరు, ఇప్పుడు నువ్వు సరిచేస్తే నా రిపోర్టు మూసినట్టే ఉంటుంది అంది. ముందు ఎక్కడ నడిపినా ఫెయిలయ్యే పరీక్ష రాయాలి. మోటార్లూ ట్రాన్స్‌ఫార్మరూ లేని చోట కూడా ఫెయిల్ కావాలి.

"మా ఇంట్ల ఫెయిలైతె లాభం లేదు. సార్ ఇంట్ల ఫెయిల్ కావాలె."

నేను రెండు రోజులు అక్కడే ఉండిపోయాను. మా అమ్మకు ఫోన్ చేస్తే, కొట్లాడేదానింటికే పోయి కూసున్నవా అని నవ్వింది. పరీక్ష రాయడం అనుకున్నంత తేలిక కాలేదు. నిజం బోర్డు లేకుండా ల్యాప్‌టాప్‌లోనే ఒక ఉత్తుత్తి బోర్డు లేపి, దానికి ఉత్తుత్తి కార్డు ఇచ్చి, ఆ కార్డు మీదికి వెళ్ళే ప్రతి రాతనూ పట్టుకోవాలి. ఒక రాత తర్వాత కరెంటు పోయినట్టు ఆపి, మళ్ళీ లేపి చూడాలి. తర్వాత ఇంకో రాత దాకా పోనిచ్చి ఆపాలి. మరమ్మతు మొదలైన దగ్గర నుంచి అయిపోయేదాకా ఏ ఒక్క చోటునూ వదలకూడదు. నేను ముఖ్యమైన చోట్లు ఎంచుకుందామన్నాను. ముఖ్యమైనవేవో నీకు తెలిస్తే ఈ తప్పు రాసేదానివే కాదు కద అంది. అన్ని చోట్లూ పెట్టాం. మొదట రాసిన పరీక్ష పాసయింది, అది ఇంకా ఘోరం. మా ఉత్తుత్తి కార్డు మెమరీలోది కూడా జాగ్రత్తగా దాచి పెడుతోంది. నిజం కార్డు అంత మంచిది కాదు. కరెంటు పోతే అది మెమరీలోదంతా మరిచిపోతుంది. కార్డుకు మరిచిపోవడం నేర్పించాక ఫెయిలయింది, అదే చోట, అవే రెండు ఫైళ్ళు. ఇద్దరం కేక పెడితే పెరట్లో కోళ్ళు చెదిరిపోయాయి. కోడ్ ఫెయిలయినందుకు గెంతులేసేవాళ్ళను ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు.

పరీక్షను అక్క తన పేరు మీదే సారుకు పంపింది. ఆయన నడిపించి, ఏమీ రాయలేదు. ఆ మౌనం చూసి అక్కకు మనసు మనసులో లేదు. పైకి మాత్రం నా ప్యాచ్ మీద పడింది. అసలు మార్పుతో పాటు నేను పక్కనున్న రెండు వరుసల ఖాళీలు సర్ది, ఒక పేరు మార్చాను. ఇది వేరు, అది వేరు, విడగొట్టు అంది. ఈ ఆగడం ఎందుకో కోడ్ పక్కన రాయి, రేపు ఎవరో దండగని తీసేస్తారు అంది. ప్యాచ్ పైన కారణం రాస్తే, అందులో నేను వాడిన పెద్ద పెద్ద మాటలన్నీ కొట్టించింది. కెర్నెల్ పనిలో ఒక మంచి అలవాటుంది. తప్పు పట్టినవారి పేరు ప్యాచ్ అడుగున రాస్తారు. నేను ఆమె పేరు రాశాను. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. అత్తగారి ఇంటి పేరు తీసేసి పుట్టింటి పేరు పెట్టమంటుందేమో అనుకున్నాను. స్పెల్లింగు ఒక్కటి సరిచేసి పంపమంది.

మరునాడు పొద్దున నేను బయల్దేరబోతుంటే సారు ఫోన్ వచ్చింది, నాకు కాదు, ఆమెకు. అక్క ఫోన్ పట్టుకుని వాకిట్లోకి పోయింది. మాకు ఆమె మాటలే వినిపిస్తున్నాయి. అవును సార్. లేదు సార్, ఇంగ్లీషు తప్పు కాదు సార్, మా తాన గట్లనే అంటం. స్టాండ్ అంటే గా స్టాండ్ కాదు సార్. ఆ తర్వాత చాలాసేపు ఊ కొట్టడమే. నేను అరుగు మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అత్త చాటలో పల్లికాయలు అలాగే వదిలేసి చూస్తోంది.

అక్క వచ్చి మా పక్కన కూర్చుంది. ఏమైందని అత్త అడిగింది.

"ఉంచుకుంటరట అత్తమ్మ. ఇంకో ఏడాది."

"ఉంచుకునుడేంది, గా మాట నాకు నచ్చలే. నువ్వు తప్పు పట్టినవ్, వాళ్ళు ఒప్పుకున్నరు. గట్ల చెప్పు."

అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది అక్కకు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఆగలేదు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా అంత సంతోషం కలగలేదు, ఇప్పటికీ మళ్ళీ అంత కలగలేదు. అత్త మా ఇద్దరినీ చూసి, తప్పు దొరికితే ఎగిరిండ్రు, నౌకరి దొరికితే ఏడుస్తుండ్రు, మీ చదువేందో నాకు తెల్వదు అని లోపలికి పోయింది.

అక్క ముఖం తుడుచుకుంది. కాసేపు చేల దిక్కు చూస్తూ ఏదో ఆలోచించింది. నా చెయ్యి పట్టుకుని ఏదో మంచి మాట చెప్పబోతోందనుకున్నాను.

"ప్యాచ్ పంపినవ్ గద చెల్లె. రెండోసారి పోతె ఫైళ్ళు ఉంటయ్. గా రెండో మరమ్మతుల కూడ పోతె?"

నాకు నషాళానికంటింది. కన్నీళ్ళు ఇంకా ఆరలేదు, అడగాల్సిన మాటేనా అది. బస్సు వేళయిందన్నాను. సూసినవా లేదా అంది. చూడలేదన్నాను.

నా ఒళ్ళోంచి సంచి తీసి అరుగు మీద పెట్టింది. "మరి లే" అంది.